బోనెన్‌కైకి వెళ్ళండి, రెండు గంటల్లో లేచి వచ్చేయండి

డిసెంబరు దగ్గర పడుతుంటే జపాన్ బళ్ళలో ఇంగ్లీషు చెబుతున్న మనవాళ్ళ మధ్య ఒకే ప్రశ్న తిరుగుతుంటుంది. స్టాఫ్‌రూమ్‌లో బోనెన్‌కై, అంటే ఏడాది చివర స్టాఫ్ అంతా చేసుకునే విందు, దాని కాగితం చేతికొచ్చింది, పేరు పక్కన సున్నా చుట్టాలా, ఇంటూ కొట్టాలా? అక్కడ సున్నా అంటే వస్తానని, ఇంటూ అంటే రానని. మందు తాగను, మాంసం ముట్టను, జపనీస్ అంతంత మాత్రం, చందా చూస్తే అయిదు వేల యెన్‌లు. వెళ్ళి ఏం చెయ్యాలి?

వచ్చే సలహాలు రెండు రకాలు. డ్యూటీ అయ్యాక మన టైమ్ మనది, ఇంటూ కొట్టి ఇంటికెళ్ళి పప్పన్నం తిని పడుకో అన్నది ఒకటి. జపాన్‌లో ఉండాలనుకుంటే ఇష్టమున్నా లేకపోయినా చివరి రైలు దాకా కూర్చోవాల్సిందే అన్నది రెండోది. రెండూ నాకు మింగుడుపడవు. మొదటి పార్టీకి వెళ్ళాలి. అందులో తాగాల్సిన పని లేదు. అది ముగిశాక వేరే చోట జరిగే రెండో పార్టీకి అసలు వెళ్ళనక్కర్లేదు. ఎందుకు అంటున్నానో కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే దీనికి ఎదురు చెప్పేవాళ్ళ మాటలోనూ పస ఉంది.

మన టీచర్లకి ఇది ఇంత ఇబ్బందిగా ఎందుకు ఉంటుందో అర్థం చేసుకోవచ్చు. మన దగ్గర హెడ్మాస్టరు ఎదురుగా గ్లాసు పట్టుకోవడమంటే ఊళ్ళో తల ఎత్తుకోలేని వ్యవహారం. అక్కడ హెడ్మాస్టరే సీసా పట్టుకుని మీ దగ్గరికి వస్తాడు. ఆడ టీచర్లూ, నర్సూ, ఆఫీసు క్లర్కూ, బడి బాగోగులు చూసే పనివాడూ అందరూ అదే చాప మీద కూర్చుంటారు.

పగలంతా మాట్లాడని మనుషులు

వెళ్ళమనడానికి నా కారణం సంస్కృతి గౌరవం లాంటి పెద్ద మాట ఏమీ కాదు. ఆ రెండు గంటలూ స్టాఫ్ అంతా ఒకచోట కూర్చుని వేరే పని ఏదీ చెయ్యకుండా ఉంటారు. ఏడాదిలో అలాంటి సమయం దొరకడం చాలా అరుదు.

2018లో ఓఈసీడీ అనే అంతర్జాతీయ ఆర్థిక సంస్థ చేసిన సర్వేలో జపాన్ మిడిల్ స్కూలు టీచర్లు వారానికి 56 గంటలు పనిచేస్తున్నట్టు తేలింది. పాల్గొన్న దేశాలన్నిటిలో అదే ఎక్కువ. అక్కడి విద్యాశాఖ 2016లో వేసిన లెక్కలో మిడిల్ స్కూలు టీచరు పనిదినం సగటున 11 గంటల 32 నిమిషాలు. 2022లో మళ్ళీ లెక్కేస్తే 11 గంటల 1 నిమిషానికి తగ్గింది, దాన్నీ తగ్గడం అంటే. పాఠాలు, పిల్లల డైరీలు దిద్దడం, మధ్యాహ్న భోజనం క్లాసులోనే పిల్లలతో, సాయంత్రం క్లబ్బులు, ఆ తర్వాత తల్లిదండ్రులకి ఫోన్లు. పీరియడ్‌కీ పీరియడ్‌కీ మధ్య ఉండేది పది నిమిషాలు. అందులో మెట్లెక్కి దిగడానికే సగానికి పైగా పోతుంది. ఏఎల్‌టీతో, అంటే సహాయకుడిగా వచ్చిన విదేశీ ఇంగ్లీషు టీచరుతో, పాఠం గురించి మాట్లాడాల్సిన ఇంగ్లీషు టీచరు ఆ మిగిలిన నాలుగు నిమిషాల్లో ఒక వర్క్‌షీటు చేతిలో పెట్టి పరిగెత్తుతాడు. విదేశీ టీచరు తన బల్ల దగ్గర కూర్చుని, వీళ్ళకి నేనంటే పడదేమో అనుకుంటాడు. పడకపోవడం కాదు, తీరిక లేదు.

ఇంకో చిక్కు ఉంది. బడి సంవత్సరం ఏప్రిల్లో మొదలవుతుంది. స్వాగత పార్టీ కాంగేయికై కూడా అప్పుడే. కానీ విదేశీ టీచర్లని రప్పించడానికి 1987లో మొదలైన జెట్ ప్రోగ్రామ్ కింద వచ్చేవాళ్ళలో ఎక్కువమంది జులై చివర, ఆగస్టులో దిగుతారు. అంటే అందరూ ఒకరికొకరు పరిచయమయ్యే పార్టీ అయిపోయిన దాదాపు నాలుగు నెలలకి. సెప్టెంబరు, అక్టోబరుల్లో ఆటల పోటీల తర్వాత ఒక చిన్న పార్టీ ఉంటే ఉంటుంది, లేకపోతే చాలామందికి స్టాఫ్ మొత్తంతో కూర్చునే మొదటి సందర్భం డిసెంబరు బోనెన్‌కైయే. దాన్ని వదిలేస్తే తర్వాతది మార్చి చివర వీడ్కోలు పార్టీ. అప్పటికి బదిలీల జాబితా వచ్చేసి ఉంటుంది, మీకు బాగా పనికొచ్చే మనిషి ఇంకో బడికి పెట్టె సర్దుకుంటూ ఉంటాడు.

ఈ పార్టీల్లో తరచూ జరిగేది ఒకటి చెబుతాను. నాలుగు నెలలుగా గుడ్‌మార్నింగ్ తప్ప ఇంకేం మాట్లాడని లెక్కల మాస్టారు ఒక సీసా, రెండు చిన్న గ్లాసులు పట్టుకుని వచ్చి పక్కన కూలబడతాడు. తప్పులు దొర్లుతూనే నిలకడైన ఇంగ్లీషులో మీ ఊరి గురించి అడుగుతాడు. స్టాఫ్‌రూమ్‌లో నోరు విప్పకపోవడానికి కారణం మీరు కాదు, రెండు బల్లల అవతల కూర్చునే ఇంగ్లీషు టీచరు. ఆయన ముందు తప్పు ఇంగ్లీషు మాట్లాడటానికి మొహమాటం. ఇది బడి లోపల ఎప్పటికీ తెలిసే విషయం కాదు.

కాగితం చేతికొచ్చిన రోజే చెయ్యాల్సిన పని

పార్టీ బాధ్యత కన్‌జి అని పిలిచే నిర్వాహకుడిది. ప్రతిసారీ ఇద్దరు ముగ్గురు టీచర్లకి వంతుల వారీగా పడుతుంది, తరచుగా చిన్నవాళ్ళకే. చోటు బుక్ చెయ్యడం, చందాలు వసూలు చెయ్యడం, ఆ రాత్రి మైకు పట్టుకోవడం, ఆఖర్న లెక్క తేల్చడం అన్నీ వాళ్ళే. చాలా బళ్ళలో షిన్‌బొకుకై అని స్టాఫ్ నిధి ఒకటుంటుంది. నెలనెలా వెయ్యో రెండు వేలో అందులోకి వెళ్తుంది, పార్టీ ఖర్చు కొంత దాన్నుంచే. మీరు ఆ నిధిలో ఉన్నారో లేదో ముందే అడిగి తెలుసుకోండి. లేకపోతే ఆ రోజు పూర్తి డబ్బు కవర్లో పెట్టి, పైన పేరు రాసి, చిల్లర అవసరం లేకుండా సరిగ్గా ఇవ్వాలి. పది వేల నోటు ఇచ్చి అయిదు వేలు వెనక్కివ్వమంటే పాపం కన్‌జికి అదో తలనొప్పి.

సున్నా చుట్టాక ఆ రోజు రాలేకపోయినా డబ్బు కట్టాల్సిందే, ఎందుకంటే హోటల్‌వాళ్ళు తలకి ఇంత అని కోర్సు భోజనం ముందే సిద్ధం చేస్తారు. తప్పనిసరై మానేస్తే కనీసం రెండు మూడు రోజుల ముందు చెప్పాలి.

తిండి సంగతి కూడా అప్పుడే తేల్చుకోవాలి. పార్టీలో కూర్చున్నాక నేను శాకాహారిని అని చెప్పడం వల్ల ఎవరికీ ఉపయోగం లేదు, కన్‌జి మొహం వాడిపోవడం తప్ప. వెజిటేరియన్ అన్న ముక్క ఒక్కటే చెబితే కూడా సరిపోదు. చాలామంది దృష్టిలో అది మాంసం తినడు, చేపలు తింటాడు అని. ఇక దషి మీద ఎవరికీ ధ్యాసే ఉండదు. ఎండబెట్టిన కత్సువో చేప తురుముతో కాచిన ఆ నీళ్ళు మిసో సూప్‌లో, ఉడికించిన కూరల్లో, టెంపురా ముంచుకునే పులుసులో, చుట్టిన గుడ్డు అట్టులో, వేయించిన టోఫు మీద పోసే రసంలో, అన్నిట్లో ఉంటాయి. చల్లటి టోఫు మీద ఆ తురుమునే చల్లి తెస్తారు, వేడి వంటకం మీదైతే కదులుతూ కూడా కనిపిస్తుంది. పొటాటో సలాడ్‌లో హామ్ ముక్కలు. మధ్యలో పెట్టే నాబె కుండలో మాంసమో చేపో మరుగుతుంటుంది, అందరి చాప్‌స్టిక్స్ అందులోనే.

కాబట్టి ఒక చిన్న కాగితం మీద తిననివి జపనీస్‌లో రాసి ఇవ్వండి: మాంసం, చేప, చేప దషి, గుడ్డు కూడా తినకపోతే గుడ్డు. తినేవీ రాయండి, అది ఇంకా ముఖ్యం. ఉప్పుతో కూరగాయల టెంపురా, తురుము చల్లని టోఫు, ఎదమామె అనే ఉడికించిన సోయా కాయలు, చల్లటి టమాటా, ఫ్రెంచ్ ఫ్రైస్, తెల్ల అన్నం. తిననివి మాత్రమే రాస్తే హోటల్‌వాడు భయపడి ఒక పచ్చి సలాడ్ పెట్టి ఊరుకుంటాడు. ఇంత చేసినా కడుపు నిండుతుందని నమ్మకం పెట్టుకోకండి. బయల్దేరే ముందు కాన్వీనియన్స్ స్టోర్లో ఒక ఒనిగిరి, అంటే అన్నం ముద్ద, తినండి. ఉమే అనే ఊరగాయ పండు ఉన్నది తీసుకునేటప్పుడు కూడా లేబుల్ చూడాలి, కత్సువో ఉమే అని చేప తురుము కలిపింది పక్కనే ఉంటుంది.

తాగనివాళ్ళకి అదే అయిదు వేలు ఎందుకు అనే ప్రశ్న న్యాయమైనదే. నోమిహోదై అంటే రెండు గంటల పాటు ఎంత తాగితే అంత అని మనిషికింత లెక్క, అది చందాలో కలిసే ఉంటుంది. కొన్ని హోటళ్ళలో మందు తాగనివాళ్ళకి తక్కువ ధర ఉంటుంది. అడిగితే కన్‌జి కనుక్కుంటాడు. నా మాటగా చెప్పాలంటే అడక్కండి. వెయ్యి యెన్‌ల కోసం ఆ చిన్న టీచరు చేత హోటల్‌కి ఇంకో ఫోను చేయించడం నాకు బాగుండదు.

చాప మీద రెండు గంటలు

బూట్లు విప్పే చోటు అయ్యుంటుంది కాబట్టి లేసులు లేనివి, చిరుగుల్లేని సాక్సులు. గుమ్మం దగ్గర పెట్టెలోంచి చీటీ తీస్తే సీటు నంబరు వస్తుంది. చీటీ లేకపోతే తలుపు దగ్గర కూర్చోండి, లోపలివైపు గుమ్మానికి దూరంగా ఉండేది పెద్దల చోటు. పద్మాసనమో మోకాళ్ళ మీదో అని కంగారు పడక్కర్లేదు. ఉపన్యాసం దాకా మోకాళ్ళ మీద కూర్చుని, కాళ్ళు సర్దుకోండి అనగానే మగవాళ్ళు బాసింపట్టు వేసుకుంటారు. అది మనకి పుట్టుకతో వచ్చిన విద్య. బాత్రూమ్‌కి వెళ్తే అక్కడ వేరే చెప్పులుంటాయి, వాటితోనే చాప మీదకి నడిచొస్తే ఆ కథ మీరు బదిలీ అయ్యేదాకా చెప్పుకుంటారు.

కన్‌జి మొదలుపెడతాడు, హెడ్మాస్టరు మాట్లాడతాడు, ఆ తర్వాత ఎవరో ఒకరు, ఎక్కువగా వైస్ ప్రిన్సిపాల్, కంపాయ్, అంటే చీర్స్, చెప్పిస్తారు. అప్పటిదాకా గ్లాసు పెదవికి తగలకూడదు, చాప్‌స్టిక్ ముట్టకూడదు. గ్లాసులు తగిలించేటప్పుడు మీ అంచు పెద్దవాళ్ళ అంచు కన్నా కాస్త కిందుగా ఉండాలి. గ్లాసులో ఏముందన్నది ఎవరూ చూడరు. ఊలాంగ్ టీ గానీ ఆల్కహాల్ లేని బీరు గానీ ఉన్నా కంపాయ్ కంపాయే.

ఇక్కడ తాగనివాళ్ళు మోసపోయే చోటు ఒకటుంది. ఊరొన్ చా అంటే ఉత్త ఊలాంగ్ టీ. ఊరొన్ హై అంటే అదే టీలో షోచు అనే మందు కలిపింది. రంగు ఒకటే, గ్లాసు ఒకటే, గోలలో వినపడటమూ ఒకటే. ఇరవైమందికి ఒకేసారి ట్రే వచ్చినప్పుడు ఎవరిది ఎవరికి పోతుందో పైవాడికే తెలియాలి. చాలా చోట్ల మందు లేనివాటికి స్ట్రా వేసి ఇస్తారు. స్ట్రా లేకపోతే అడగండి, అడిగినా అనుమానమైతే వాసన చూడండి. మొదటి గుక్క చిన్నగా తీసుకోండి.

తాగనని చెప్పడంలో కూడా ఒక నేర్పు ఉంది. తాగను అంటే ఎందుకు అని అడగబుద్ధవుతుంది. తాగలేను, నొమెనైన్‌దెసు, అంటే అక్కడితో ఆగిపోతుంది. జపాన్ వాళ్ళలో దాదాపు నలభై శాతం మందికి మందుని అరిగించే ఎంజైము పుట్టుకతోనే బలహీనంగా ఉంటుంది. ఒక గ్లాసుకే మొహం ఎర్రబడి, గుండె దడదడలాడి గోడకి ఆనుకుపోతారు. మీ టేబుల్ దగ్గర కూడా అలాంటివాళ్ళు ముగ్గురో నలుగురో ఉంటారు, సరిగ్గా చూస్తే వాళ్ళ ముందున్నదీ టీయే. మీరొక్కరే వింత మనిషి అనుకోవడం మీ భ్రమ.

కంపాయ్ అయిన అరగంటకి జనం సీసాలు పట్టుకుని లేస్తారు. అసలు పార్టీ అప్పుడు మొదలవుతుంది. తన గ్లాసులో తను పోసుకోరు, ఇంకొకరికి పోస్తారు, వాళ్ళు తిరిగి పోస్తారు. రెండు చేతులతో, లేబుల్ పైకి ఉండేలా. తాగనివాళ్ళు పొయ్యకూడదని ఎక్కడా లేదు. మీరు బీరు సీసా పట్టుకెళ్ళి పొయ్యండి, తిరిగి పోస్తానంటే మీ టీ గ్లాసు చూపించండి. తాగేవాళ్ళైతే ఇంక చాలు అని చెప్పే పద్ధతి గ్లాసు నిండుగా వదిలెయ్యడమే. పెళ్ళి భోజనాల్లో విస్తరి ఖాళీ చేస్తే వడ్డించేవాడు వదలడు కదా, ఇక్కడా అంతే.

ఎవరి దగ్గరికి వెళ్ళాలి? హెడ్మాస్టరు, వైస్ ప్రిన్సిపాల్ దగ్గరికి అందరూ వెళ్తారు, మీరూ వెళ్ళండి, రెండు నిమిషాలు చాలు. మిగతా సమయం స్కూలు నర్సుకీ ఆఫీసు క్లర్కుకీ ఇవ్వమంటాను. క్లాసులోకి రాకుండా హెల్త్ రూములోనే రోజంతా గడిపే పిల్లల సంగతి నర్సుకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. మీ ప్రయాణ ఖర్చుల కాగితాలూ సెలవు కాగితాలూ క్లర్కు చేతిలో ఉంటాయి. మీతో పాఠం చెప్పే ఇంగ్లీషు టీచరు తనంతట తనే వస్తాడు. అప్పుడు చెబుతాడు, మీరు క్లాసులో ఆడించే ఆట బాగుంది కానీ వెనక బెంచీ వాళ్ళకి అర్థం కావట్లేదని. నాలుగు నెలలుగా చెప్పలేకపోయిన మాట అదే.

నోమిహోదైలో ఆఖరి ఆర్డరు ముగింపుకి అరగంట ముందు అడుగుతారు. అది మీకు గడియారం. ఆ తర్వాత అన్నమో నూడుల్సో వస్తాయి, అందరూ లేచి నిలబడతారు, ఒకరు పైకి అరిచి అంతా ఒక్కసారి చప్పట్లు కొడతారు. అంతే, పార్టీ ముగిసింది. లేచిపోవడానికి ఇంతకన్నా స్పష్టమైన సంకేతం ఏ దేశంలోనూ ఉండదు.

ఎదురు వాదన

ఇప్పటిదాకా చెప్పింది చదివి, పగలు చెప్పాల్సిన మాట రాత్రి చెప్పడమేంటి అని అడిగేవాళ్ళుంటారు. ఆ ప్రశ్న నన్నూ వదలదు. పాఠం గురించిన నిజమైన మాట బీరు గ్లాసు పక్కనే దొరుకుతుందంటే, ఇంట్లో చంటిపిల్ల ఉన్న టీచరు, మంచాన పడ్డ అత్తగారిని చూసుకునే టీచరు, గంటల లెక్కన పనిచేసే టీచరు ఆ మాటకి దూరమైపోయినట్టే. ఇది చిన్న అన్యాయం కాదు. పైగా పొయ్యడంలో కూడా ఆడవాళ్ళ చేతికే సీసా ఎక్కువసార్లు వస్తుంది. ఈ మధ్య చిన్న టీచర్లే దీన్ని బాహాటంగా విసుక్కుంటున్నారు. 2020 నుంచి కరోనా పేరుతో ఈ పార్టీలు దాదాపు ఆగిపోయాయి, 2023 మే 8న దాన్ని మామూలు ఫ్లూ వరసలో చేర్చాక మళ్ళీ మొదలయ్యాయి కానీ, మూడేళ్ళు లేకపోయినా బడి నడిచింది కదా అన్న మాట చాలామంది నోట వచ్చింది. ఆ మాటకి బలం ఉంది.

చట్టం కూడా వాళ్ళ వైపే జరుగుతోంది. పై అధికారి వేధింపుల్ని ఆపడం యాజమాన్యం బాధ్యత అని 2020 జూన్‌లో పెద్ద సంస్థలకీ, 2022 ఏప్రిల్లో చిన్నవాటికీ చట్టం వచ్చింది. తాగమని బలవంతం చెయ్యడం అందులో పడే అవకాశం ఉంది. మీకు నిజంగా ఎవరైనా గ్లాసు నోటి దగ్గర పెట్టి గటగటా తాగమంటే అది ఆచారం కాదు, వేధింపు. లేచి కన్‌జి పక్కకి వెళ్ళిపోండి.

అయినా నేను వెళ్ళమనే అంటాను. ఈ పద్ధతి మారాలా అంటే మారాలి. కానీ దాన్ని మార్చాల్సింది ఏడాది కాంట్రాక్టు మీద వచ్చిన ఏఎల్‌టీ ఇంటూ కొట్టి కాదు. మీరు రాకపోతే ఎవరికీ ఏ సందేశమూ అందదు, విదేశీయుడికి ఇష్టం లేదేమోలే అనుకుని మళ్ళీసారి కాగితం మీ బల్ల దాకా రాదు. పగటిపూట మాట్లాడే అలవాటు కావాలంటే ముందు మాట్లాడే మనిషిగా గుర్తుపట్టాలి కదా. రాత్రి వెనక బెంచీ గురించి చెప్పిన టీచరు దగ్గరికి సోమవారం వెళ్ళి, మీరు అన్నది ఆలోచించాను అనకండి. ఏమీ అనకుండా ఆట మార్చి పట్టుకెళ్ళి, ఇది చూస్తారా అనండి. అప్పుడు ఆ నాలుగు నిమిషాల్లోనే ఆయన నోరు విప్పుతాడు. రాత్రి జరిగింది పగటికి ఇలా తేవచ్చు. ఇది అందరి విషయంలో పనిచేస్తుందా అంటే, చెయ్యదు. కొందరు తాగినప్పుడే మాట్లాడతారు, మళ్ళీ మార్చి దాకా మౌనమే.

ఒక్క విషయంలో మాత్రం ఎదురు వాదన వాళ్ళతో పూర్తిగా ఏకీభవిస్తాను. ఈ రాత్రి బురేయికో, పెద్దా చిన్నా లేదు, అని హెడ్మాస్టరు ప్రకటిస్తే నమ్మకండి. 1324లో బయటపడ్డ, అప్పటి సైనిక ప్రభుత్వం మీద గో దైగో చక్రవర్తి పన్నిన కుట్ర కూడా హోదాలు పక్కన పెట్టిన ఇలాంటి విందుల ముసుగులోనే సాగిందంటారు. అంటే అక్కడా హోదాలు లేవన్నది పైకి మాత్రమే. ఇంగ్లీషు టీచరు ఉచ్చారణ గురించి, టైమ్‌టేబుల్ గురించి, వైస్ ప్రిన్సిపాల్ గురించి మీ మనసులో మాట ఆ రాత్రి చెప్పారంటే దాన్ని ఎవరూ సోమవారం ఎత్తరు, ఎవరూ మర్చిపోరు కూడా. వినడానికి వెళ్ళండి. ఫిర్యాదు ఉంటే మంగళవారం పూట చెప్పుకోండి, టీతో.

పిల్లల పేర్లు కూడా నోట రానివ్వకండి. పక్క గదిలో తల్లిదండ్రులుండొచ్చు, ఆ హోటల్ వంటవాడే మీ విద్యార్థి తండ్రి అయ్యుండొచ్చు. కొన్ని చోట్ల టీచర్లు బయట హెడ్మాస్టరుని కంపెనీ యజమానిని పిలిచినట్టు షాచో అని పిలుచుకుంటారు, సెన్‌సేయి, అంటే టీచరుగారూ, అని అరిస్తే సగం గది తిరిగి చూస్తుందని. దిద్దాల్సిన పేపర్లున్న బ్యాగు, మార్కులున్న పెన్‌డ్రైవు పార్టీకి తేకూడదు. తాగి రైల్లో మర్చిపోయి పత్రికలకెక్కిన టీచర్లు తక్కువమంది కాదు, హెడ్మాస్టరు కెమెరాల ముందు క్షమాపణగా నడుము వంచాల్సొస్తుంది.

ఇంటికెలా వెళ్తారు

రెండో పార్టీ, నిజికై, కరావొకేకో చిన్న బార్‌కో పోతుంది. దాన్ని మానేస్తే ఎవరూ ఏమీ అనుకోరు, సగంమంది టీచర్లు మానేస్తారు. దాని ఖర్చు చందాలో ఉండదు, విడిగా మూడు నాలుగు వేలు పోతుంది. మొదటి పార్టీ ముగిశాక రోడ్డు మీద గుంపు పావుగంట నిలబడి ఎటు పోదామా అని చూస్తుంటుంది. ఆ పావుగంటలోనే వంగి నమస్కరించి రేపు పని ఉందనండి. లోపలికి వెళ్ళాక లేవడం చాలా కష్టం.

బండి విషయం మాత్రం సరదా కాదు. 2006 ఆగస్టులో ఫుకుఒకాలో తాగి బండి నడిపిన నగరపాలక ఉద్యోగి వల్ల వంతెన మీంచి కారు సముద్రంలో పడి ముగ్గురు పిల్లలు చనిపోయారు. ఆ తర్వాత 2007లో చట్టం కఠినమైంది. నడిపినవాడితో పాటు, తాగాడని తెలిసి అతని బండెక్కినవాడు, బండి ఇచ్చినవాడు, మందు పోసినవాడు కూడా శిక్షకి అర్హులే. లీటరు ఊపిరిలో 0.15 మిల్లీగ్రాముల ఆల్కహాల్ ఉంటే చాలు. టీచరుకి జైలు పడకపోయినా ఉద్యోగం ఊడొచ్చు.

కొత్తవాళ్ళకి తెలియనిది సైకిల్ సంగతి. ఏఎల్‌టీలలో చాలామందికి ఉన్న బండి అదే. 2024 నవంబరు 1 నుంచి అదే 0.15 పరిమితి సైకిల్‌కీ వర్తిస్తుంది, మూడేళ్ళ దాకా జైలు లేదా అయిదు లక్షల యెన్‌ల దాకా జరిమానా. రెండు గ్లాసుల బీరు తాగాక ఊరి గట్టు మీద సైకిల్ తొక్కుకుంటూ పోవడం ఇప్పుడు మామూలు విషయం కాదు. తోసుకుంటూ నడవచ్చు. అంతకన్నా ఉదయమే బస్సులో బడికి రావడం మంచిది.

రైలు లేని ఊళ్ళలో దయికో అని సేవ ఉంటుంది. ఇద్దరు మనుషులు ఒక కారులో వస్తారు, ఒకడు మీ కారు మిమ్మల్ని కూర్చోబెట్టుకుని నడుపుతాడు, రెండోవాడు వెనకే వస్తాడు. మీ కారు నడిపేవాడికి టాక్సీ డ్రైవర్లకిచ్చే తరగతి లైసెన్సు ఉండాలి. డిసెంబరు శుక్రవారాల్లో గంట దాకా దొరకదు, ఆఖరి ఆర్డరప్పుడే ఫోన్ చేయించుకోండి.

తాగనివాళ్ళకి ఇంకో ఉచ్చు. మీరెలాగూ తాగరు కదా, నా కారు నడిపి నన్ను దింపెయ్యండి అని ఎవరో ఒకరు తాళాలు చేతిలో పెడతారు. మొహమాటపడకండి. అక్కడి కారు ఇన్సూరెన్సులు చాలావరకు నడిపేవాడి వయసు మీద, కుటుంబ సభ్యులకి మాత్రమే అన్న షరతు మీద తీసుకుంటారు. ప్రీమియం తగ్గుతుందని. ఆ షరతులో మీరు లేకపోతే గుద్దిన నష్టం చాలావరకు మీ నెత్తిన పడుతుంది. ఇండియా నుంచి తెచ్చుకున్న ఇంటర్నేషనల్ పర్మిట్ కూడా జపాన్‌లో దిగిన రోజు నుంచి ఏడాదికి మించి చెల్లదు, ఆ తర్వాత అది ఉత్త కాగితం. దింపాలనుకుంటే మీ పేరున ఇన్సూరెన్సు ఉన్న మీ కారులో దింపండి, అదీ చెల్లే లైసెన్సు జేబులో ఉంటేనే.

పిలవకపోతే

ఇదంతా పిలుపు వచ్చినవాళ్ళ సంగతి. మనవాళ్ళలో కొందరు కంపెనీల ద్వారా బళ్ళకి వెళ్తున్నారు, వాళ్ళ బల్ల మీదకి ఆ కాగితమే రాదు. పని కాంట్రాక్టుకి ఇచ్చిన చోట్ల బడి వాళ్ళు ఏఎల్‌టీకి నేరుగా పని పురమాయించకూడదన్న నిబంధన ఉంటుంది. దానికి భయపడి వైస్ ప్రిన్సిపాల్ పార్టీ పిలుపు కూడా ఆపేస్తాడు. నాలుగు బళ్ళు తిరిగేవాళ్ళైతే ఏ బడి వాళ్ళూ మావాడనుకోరు. అలిగి కూర్చోవడం కన్నా నవంబరు మధ్యలో, చోటు బుక్ కాకముందే, కన్‌జి ఎవరో కనుక్కుని చందా కట్టి నేనూ రావచ్చా అని అడగండి. కంపెనీ కాంట్రాక్టులో పని వేళల తర్వాత స్టాఫ్‌తో కలవొద్దని ఏమైనా ఉందేమో ముందు చదువుకోండి. నాలుగు బళ్ళకీ వెళ్తే ఇరవై వేలు పోతాయి, ఎక్కువ రోజులు పాఠం చెప్పే బడి ఒక్కటి ఎంచుకుంటే చాలు.

వెళ్ళొచ్చాక సోమవారం పొద్దున బడిలో అడుగు పెట్టగానే హెడ్మాస్టరుకీ కన్‌జికీ మొన్నటి పార్టీకి థాంక్స్ చెప్పాలి, మొదటి గంట కొట్టకముందే.